వేసవి సెలవులకు పన్నెండు బట్టలు: ఒక్క బ్యాగులో సర్దుకునే పద్ధతి

మూడేళ్ల కిందట వేసవి సెలవులకు వెళ్లొచ్చి బ్యాగు ఖాళీ చేస్తుంటే, ఆవపిండి రంగు టాప్ ఒకటి ఇస్త్రీ మడత చెదరకుండా అడుగున కనిపించింది. కొత్తది, ముచ్చటపడి కొనుక్కున్నది. తెల్ల ప్యాంటు మీదకు తప్ప దేనికీ నప్పదు. ఆ తెల్ల ప్యాంటుకేమో మొదటి రోజే మరక పడింది. దాంతో ప్యాంటు మూలకు పోయింది, టాపూ పోయింది, ఆ జత కోసమే పెట్టుకున్న చెప్పులూ పోయాయి. ఎనిమిది రోజులూ ఆ మూడింటినీ ఊరికే మోసుకు తిరిగాను.

అలాంటిదాన్ని నేను ఒంటరి బట్ట అంటాను. ఒక్కదానితోనే జత కుదిరేది, ఆ ఒక్కటి లేకపోతే ఎందుకూ పనికిరానిది. బ్యాగు నిండా బట్టలున్నా "వేసుకోడానికి ఏమీ లేదు" అనిపించేది వీటివల్లే. ఒంటరి బట్టలు లేకుండా సర్దుకోవడాన్నే క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటున్నారు. ఈ మాటను 1970లలో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫాక్స్ ప్రచారంలోకి తెచ్చారు. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కరన్ ఒకదానితో ఒకటి కలిసిపోయే ఏడు దుస్తులతో తన మొదటి కలెక్షన్ తెచ్చాక అందరి నోటా పడింది. వాళ్లు ఆలోచించింది ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్ల బీరువా గురించి. నాకు మాత్రం ఈ పద్ధతి అసలు విలువ ప్రయాణంలోనే తెలిసింది, ఎందుకంటే బీరువాను మోయక్కర్లేదు, బ్యాగును మోయాలి.

కింద చెప్పే పన్నెండు బట్టలతో వారం గడుస్తుంది. మూడు రోజులకోసారి ఉతుక్కుంటే రెండు వారాలూ గడుస్తాయి. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా పద్ధతి ఒకటే.

మొదటి అడుగు: బీరువా తెరవకముందు కాగితం తీయండి

బీరువా ముందు నిలబడి సర్దడం మొదలుపెడితే మనకు నచ్చినవే చేతికొస్తాయి, అవసరమైనవి రావు. అందుకే ముందు కాగితం మీద రోజులు రాసుకోండి. ఏ రోజు ఏం చేస్తారు? ఎక్కువ నడిచే రోజులు ఎన్ని, నీళ్లలో దిగేవి ఎన్ని, బస్సులోనో రైల్లోనో కూర్చునేవి ఎన్ని, సాయంత్రం కాస్త తయారై బయటికి వెళ్లేవి ఎన్ని. ప్రార్థనా స్థలాలకు వెళ్లే ఉద్దేశం ఉంటే భుజాలు, మోకాళ్లు కప్పే జత ఒకటి తప్పనిసరి. చాలాచోట్ల అవి కప్పుకోకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

వాతావరణం చూసేటప్పుడు పగటి ఎండ ఒక్కటే చూడకండి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా చూడండి. పగలు 33 డిగ్రీలున్న కొండ ప్రాంతంలో తెల్లవారుజామున 16కి పడిపోవచ్చు. వేసవిలో చలి పెట్టే ఇంకో చోటు ఏసీ బస్సు. నా అనుభవంలో సమ్మర్ ట్రిప్పులో జలుబు పట్టుకునేది అక్కడే.

కాగితం నిండాక, అందులో "ఒకవేళ" అనే మాటతో మొదలయ్యేవన్నీ కొట్టేయండి. ఒకవేళ పెద్ద పార్టీకి పిలిస్తే, ఒకవేళ జిమ్ ఉంటే. వర్షం ఒక్కదాన్నే ఉంచుకోండి, దానికి ఎవరిదీ హామీ లేదు.

రెండో అడుగు: రంగులు కింది నుంచి ఎంచండి

చాలామంది ముందు టాప్‌లు, షర్టులు ఎంచుకుని తర్వాత వాటికి ప్యాంట్లు వెతుకుతారు. అక్కడే లెక్క తప్పుతుంది. ప్యాంట్లు, స్కర్టులు, షార్ట్స్ లాంటివి ముందు తేల్చండి. మూడు చాలు. మూడూ గోలలేని రంగుల్లో ఉండాలి: ముదురు నీలం, ఇసుక రంగు, ఆలివ్ ఆకుపచ్చ, బూడిద రంగు, నలుపు. వీటిలో ఏవైనా రెండు రంగులు తీసుకుని వాటికే కట్టుబడండి.

ఆ తర్వాత పైన వేసుకునేవి. ఐదింటిలో మూడు సాదావి, రెండు ప్రింట్లో చారలో ఉన్నవి తీసుకుంటే ఫొటోల్లో రోజూ ఒకే డ్రెస్సులా కనిపించదు. ప్రింట్లో మీ ప్యాంట్ల రంగు ఎక్కడో ఒకచోట ఉండేలా చూసుకుంటే చాలు, కంటికి జత కుదురుతుంది. నా దగ్గర తెలుపు మీద ముదురు నీలం చుక్కల షర్టు ఒకటుంది. దాని మీద ఇసుక రంగు ప్యాంటు, నీలం ప్యాంటు, ఆలివ్ షార్ట్స్ మూడూ నప్పుతాయి. అలాంటిది మీ బీరువాలోనూ ఒకటి ఉంటుంది, వెతకండి. మిగతా బట్టల్ని దాని చుట్టూ కూర్చుకోవచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. ఐదు టాప్‌లు, మూడు ప్యాంట్లు, అన్నీ అన్నిటికీ నప్పితే 15 జతలు. ఒక్క టాప్ ఒంటరిదైతే, అంటే ఒక్క ప్యాంటు మీదకే పనికొస్తే, ఆ 15 కాస్తా 13 అవుతాయి. అదే ఒక ప్యాంటు ఒంటరిదై ఒక్క టాప్‌తోనే కలిస్తే, 11కి పడిపోతాయి. కింద వేసుకునేది ఎంచడంలో పొరపాటు జరిగితే నష్టం రెట్టింపు. ప్యాంట్లు ముందు తేల్చమన్నది అందుకే.

చెమట గురించి కూడా రంగులు ఎంచేటప్పుడే ఆలోచించండి. లేత బూడిద రంగు టీ షర్టు మీద చంకల దగ్గర తడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు, ముదురు నీలం, చిన్న ప్రింట్లు దాన్ని కప్పేస్తాయి. నలుపు మీద తడి కనిపించదు గానీ ఆరాక ఉప్పు చారలు తేలుతాయి.

మూడో అడుగు: గుడ్డ సంగతి

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. రంగు తప్పితే ఫొటో బాగోదు, గుడ్డ తప్పితే రోజంతా చిరాకే.

గాలిలో తేమ 65 శాతం ఉండే ప్రామాణిక పరిస్థితుల్లో కాటన్ తన బరువులో 8 శాతం వరకు తేమ పట్టుకుంటుంది. లినెన్ 12 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమటను కాటన్, లినెన్ తమలోకి లాక్కుంటాయి కాబట్టి ఒంటికి హాయిగా ఉంటాయి. పాలిస్టర్ లాక్కోదు, అందుకే జిడ్డుగా అతుక్కుంటుంది. కానీ అదే కారణంగా ఉతికితే ఇట్టే ఆరిపోతుంది. మందపాటి కాటన్‌కు దీనికి ఉల్టా సమస్య: నీళ్లు తాగేసి ఒక పట్టాన వదలదు.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. పగలు ఒంటి మీద ఉండేవి పల్చటి కాటన్ లేదా లినెన్. నడిచే రోజులకు, నీళ్ల దగ్గరికి వెళ్లే రోజులకు, వ్యాయామానికి వేసుకునే పాలిస్టర్ టీ షర్టు ఒకటి. ప్యాంట్లలో కాటన్, లినెన్ కలిసిన నేత గానీ, కొద్దిగా సాగే పల్చటి కాటన్ గానీ. టీ షర్టు కొనేటప్పుడు లేబుల్ మీద జీఎస్ఎమ్ ఉంటే చూడండి. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువుందో అది చెబుతుంది. 120 నుంచి 160 మధ్య ఉంటే వేసవికి బాగుంటుంది. 200 దాటితే ఇంట్లోనే ఉంచండి.

లినెన్ నలుగుతుంది, ఆ మాట నిజమే. దాని గురించి టెన్షన్ పడొద్దు. లినెన్ అంటేనే నలిగేది, చూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మరీ ఇబ్బందిగా అనిపిస్తే కొనేముందు షర్టు అంచును పిడికిట్లో గట్టిగా పది సెకన్లు నలిపి వదలండి. గీతలు అలాగే నిలిచిపోతే అది బ్యాగులోనూ అలాగే ఉంటుంది. కాటన్ కలిసిన లినెన్ ఈ పరీక్షలో కొంచెం మెరుగ్గా నిలుస్తుంది.

జీన్స్ గురించి చాలామంది అడుగుతారు. ఒక జీన్స్ 600 నుంచి 800 గ్రాములు తూగుతుంది. పల్చటి కాటన్ ప్యాంట్లు రెండు దాదాపు అంతే. పైగా జీన్స్ ఉతికితే ఒక రాత్రిలో ఆరదు. ఒకసారి చివరి రోజు నడుము దగ్గర ఇంకా తడిగా ఉన్న జీన్స్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాను. ఇంటికొచ్చి జిప్ తీసేసరికి బ్యాగంతా ముక్కవాసన. శుభ్రంగా ఉన్న బట్టలు కూడా మళ్లీ ఉతకాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ వేసవిలోనూ జీన్స్ తీసుకెళ్లలేదు.

ఎండ నుంచి కాపాడటంలో అన్ని గుడ్డలూ ఒకటి కావు. గుడ్డలకు యూపీఎఫ్ అనే కొలత ఉంది. 50 అని ఉంటే సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే రెండు శాతమే లోపలికి వస్తుందని అర్థం. మామూలు పల్చటి తెల్ల కాటన్ టీ షర్టుకు ఇది 5 నుంచి 7 వరకే ఉంటుంది, తడిస్తే ఇంకా తగ్గుతుంది. నీళ్లలో టీ షర్టుతో ఆడుకున్న పిల్లల భుజాలు కమిలిపోవడానికి కారణం ఇదే. గుడ్డను కిటికీ ముందు పట్టుకుని వెనక చెయ్యి పెట్టండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే నడి ఎండలో అది చాలదు. నేత దగ్గరగా ఉన్న పొడుగు చేతుల షర్టు దానికంటే బాగా కాపాడుతుంది.

"పొడుగు చేతులైతే ఉడికిపోమా?" అనిపించవచ్చు. ఇక్కడ వదులు ముఖ్యం. ఎడారిలో తిరిగే అరబ్బు సంచార జాతివాళ్లు బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని పరిశోధించిన ఒక వ్యాసం 1980లో నేచర్ పత్రికలో వచ్చింది. నల్ల అంగీ ఎండను ఎక్కువే పీల్చుకుంటోంది, కానీ వదులుగా ఉండటంతో లోపల గాలి ఆడి, ఆ అదనపు వేడి చర్మం దాకా చేరకుండానే పోతోందని తేలింది. తెల్ల అంగీ వేసుకున్నా, నల్ల అంగీ వేసుకున్నా ఒంటికి తగిలిన వేడి ఒకటే. కాబట్టి ఒంటికి అంటిపెట్టుకునే తెల్ల టీ షర్టు కంటే గాలి ఆడే ముదురు రంగు షర్టు మంచిది కావచ్చు. షర్టు వేసుకుని చేతులు పైకెత్తి దించండి, నడుము దగ్గర గాలి తగిలితే సరిపోయినట్టే.

నాలుగో అడుగు: ఆ పన్నెండు

పైన వేసుకునేవి ఐదు: రెండు టీ షర్టులు లేదా మామూలు టాప్‌లు, ఒక పొడుగు చేతుల లినెన్ షర్టు లేదా కుర్తీ, ఒక ప్రింటు షర్టు, త్వరగా ఆరే పాలిస్టర్‌ది ఒకటి.

కింద వేసుకునేవి మూడు: పల్చటి ప్యాంట్లు రెండు, మూడోది షార్ట్స్ గానీ స్కర్టు గానీ పలాజో గానీ, మీకు అలవాటైనది. సెలవుల్లో కొత్త రకం వేసుకుందామని కొనకండి. ఇంట్లో వేసుకోనిది అక్కడా వేసుకోరు.

పై పొరలు రెండు. ఒకటి ముందు గుండీలు విప్పుకుని టీ షర్టు మీద వేసుకోగల పల్చటి షర్టు. ఏసీలో చలి ఆపుతుంది, ఎండలో చేతులు కప్పుతుంది, ఈత దుస్తుల మీద కూడా పనికొస్తుంది. 15 జతలు దీంతో 30 అవుతాయి. రెండోది చిన్న సంచీలోకి మడిచే రెయిన్ జాకెట్. చల్లటి చోటుకు వెళ్తుంటే దాని లోపల వేసుకోడానికి పల్చటి స్వెటర్ కావాలి. అప్పుడు ఒక టీ షర్టు తగ్గించుకోండి, పన్నెండు దాటొద్దు.

సాయంత్రానికి ఒకటి: ఒక్కటిగా వేసుకునే గౌను లాంటిది, లేదా కాస్త మంచి షర్టు. ఇది కూడా ఒంటరిది కాకూడదు. పగటి చెప్పులతో నప్పాలి, పై పొర షర్టు కింద ఇమడాలి.

రాత్రికి ఒక జత. దాన్ని ఒకటిగానే లెక్కపెడుతున్నాను. బట్టలు ఉతికి ఆరేసిన రోజు ఇంట్లో తిరగడానికి కూడా అదే కాబట్టి, తలుపు తీసి ఎవరితోనైనా మాట్లాడగలిగేలా ఉండాలి.

లోదుస్తులు ఐదు జతలు, సాక్సులు మూడు జతలు, ఈత దుస్తులు, వెడల్పు అంచు టోపీ, పెద్ద చున్నీ ఈ లెక్కలోకి రావు. చున్నీని మాత్రం మగవాళ్లు కూడా మర్చిపోవద్దు. దుప్పటి అవుతుంది, భుజాల మీద ముసుగు అవుతుంది, బల్ల మీద పరుచుకోవచ్చు, ఎండలో తల కప్పుకోవచ్చు. 150 గ్రాముల బరువుకు ఇన్ని పనులు చేసేది ఇంకొకటి లేదు.

ఐదో అడుగు: మంచం మీద పరీక్ష

ప్రయాణానికి మూడు రోజుల ముందే అన్నీ మంచం మీద పరవండి, ముందు రోజు రాత్రి కాదు. కింద వరసలో మూడు ప్యాంట్లు, పై వరసలో ఐదు టాప్‌లు. ఒక్కో టాప్‌ను తీసి మూడింటి మీదా పెట్టి చూడండి. రెండింటికైనా నప్పకపోతే తిరిగి బీరువాలోకి. ఎంత ఇష్టమైనదైనా సరే. మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. ఆవపిండి రంగు టాప్‌ను నేను రెండుసార్లు మళ్లీ మంచం మీదకు తెచ్చి, రెండుసార్లు తిరిగి పెట్టేశాను.

తర్వాత నిజంగా వేసుకుని చూడండి. కూర్చోండి, వంగండి, బ్యాగు భుజానికి తగిలించుకోండి. గత ఏడాది సరిపోయిన ప్యాంటు ఈ ఏడాది సరిపోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. నచ్చిన జతల్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే అక్కడ పొద్దున్నే ఆలోచించే పని ఉండదు.

ఆరో అడుగు: కాళ్లకు

రెండు జతలు. నడవడానికి షూ ఒకటి, తడిసినా పాడవని శాండల్స్ ఒకటి. బరువైనవి కాళ్లకు వేసుకుని బయల్దేరండి. కొత్తవైతే కనీసం రెండు వారాల ముందు నుంచి ఇంట్లో, బయటా వాడండి. మడమ మీద బొబ్బ లేస్తే మూడు రోజులు పాడవుతాయి, అప్పుడు బ్యాగులో ఎన్ని మంచి బట్టలున్నా ఉపయోగం లేదు.

ఏడో అడుగు: ఉతుకు

ఈ పద్ధతి మొత్తం నిలబడేది దీని మీదే. ఉతకడం ఇష్టం లేకపోతే రోజుకో జత మోయాల్సిందే. మూడు రోజులకోసారి ఇరవై నిమిషాలు కేటాయిస్తే బ్యాగు సగమవుతుంది.

రాత్రి భోజనానికి ముందు సింకులో నీళ్లు నింపి, రెండు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి బట్టలు నానబెట్టండి. తినొచ్చాక కాలర్, చంకల భాగం రుద్ది, నురగ పోయేదాకా జాడించండి. మెలిపెట్టి పిండకండి. రేయాన్ బట్టల విషయంలో ఇది మరీ ముఖ్యం, తడిసినప్పుడు ఆ గుడ్డ బలం సగం దాకా తగ్గిపోతుంది. అరచేతులతో ఒత్తి నీళ్లు దించండి.

తర్వాత అసలు కిటుకు. పొడి తువ్వాలు మంచం మీద పరిచి, తడి షర్టును దాని మీద సాపుగా పెట్టి, రెండింటినీ కలిపి చాపలా చుట్టండి. ఆ చుట్ట మీద మోకాళ్లతో బరువు వేసి ఒక చివర నుంచి రెండో చివర దాకా నొక్కండి. విప్పితే తువ్వాలు బరువెక్కి ఉంటుంది, షర్టు చెమ్మగా మాత్రమే ఉంటుంది. ఇప్పుడు హ్యాంగర్‌కు తగిలించి గుండీలు విప్పి, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి. బాత్రూంలో ఆరేయకండి, అక్కడ తేమకు పోయే దారి ఉండదు. కుట్ల దగ్గర చేత్తో లాగి సాపు చేస్తే ఇస్త్రీ అవసరం కూడా తగ్గుతుంది.

పొద్దున చెయ్యి పెట్టి చూసేటప్పుడు వీపు మీద చూసి ఆరిందనుకోవద్దు. కాలర్ మడత, నడుము పట్టీ, జేబు లోపలి గుడ్డ ముట్టుకోండి. తడి దాక్కునేది అక్కడే. ఇవి ఆరకుండా బ్యాగులో పెడితే నా జీన్స్ కథే.

ఈ పనికి కావలసినవి: చిన్న సీసాలో సబ్బు, మూడు మీటర్ల నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు. ఇంట్లో ఉండగానే ఒక రాత్రి మీ పన్నెండింటిలో అనుమానం ఉన్నదాన్ని ఇలా ఉతికి చూడండి. పొద్దునకి ఆరకపోతే దాని బదులు ఇంకొకటి ఎంచుకోడానికి టైముంటుంది.

ఎనిమిదో అడుగు: సర్దడం

టీ షర్టులు, లోదుస్తులు, నైట్ డ్రెస్ చుట్టలు చుట్టండి, చోటు కలిసొస్తుంది. లినెన్, కాటన్ షర్టులు చుట్టొద్దు. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో చుట్టలున్న మెత్తటి సంచీ పెట్టి, చేతులు, అంచులు దాని మీదకు మూటలా మడవండి. పదునైన మడత ఎక్కడా పడదు కాబట్టి గీతలు తక్కువ. ట్రాలీ బ్యాగైతే శాండల్స్, సామాన్ల పౌచ్ లాంటి బరువైనవి చక్రాల వైపు పెట్టాలి. లేకపోతే నిలబెట్టగానే అన్నీ జారి బట్టల్ని నలిపేస్తాయి. బ్యాక్‌ప్యాక్‌లో బరువు వీపుకు దగ్గరగా ఉండాలి.

చాలా విమానయాన సంస్థలు క్యాబిన్ బ్యాగుకు 7 కిలోల పరిమితి పెడతాయి. పైన చెప్పిన బట్టల బరువు మొత్తం సుమారు మూడు కిలోలు, అందులో ఒక జత, పై పొర షర్టు ఒంటి మీదే ఉంటాయి. రెండున్నర కిలోల బ్యాగు, శాండల్స్, పౌచ్, చార్జర్లు కలిపినా ఏడు లోపే సర్దుకోవచ్చు. ఇంట్లో కాటా ఉంటే ముందు మీరు ఎక్కండి, తర్వాత బ్యాగు పట్టుకుని ఎక్కండి, తేడా చూసుకోండి. చాలా విమానాశ్రయాల్లో చేతి బ్యాగులో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉండకూడదు కాబట్టి ఆ సబ్బు కూడా చిన్న సీసాలోకి పోసుకోండి.

మాసిన బట్టలకు గుడ్డ సంచీ ఒకటి విడిగా పెట్టండి. చిన్న పిల్లలుంటే ఈ పన్నెండు లెక్క వాళ్లకు వర్తించదు. రోజుకు రెండు టాప్‌లు లెక్కేసుకోండి, అందులో ఒక పూర్తి జత మీ చేతి సంచీలోనే ఉండాలి.

తిరిగొచ్చాక బట్టల్ని ఉతుక్కి వేసే ముందు, ఒక్కసారి కూడా వేసుకోనివి పక్కకు తీసి, వాటి పేర్లు, ఎందుకు వేసుకోలేదో ఒక్క మాట, మొదట్లో రోజులు రాసుకున్న అదే కాగితం వెనక రాయండి. దాన్ని మడిచి బ్యాగు లోపలి జేబులో పెట్టేయండి. వచ్చే ఏడాది జిప్ తీయగానే అదే ముందు చేతికొస్తుంది.